బంతి కదలకముందే చెప్పాలంటే…

2019 జనవరి 20న కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఏఎఫ్‌సీ చాంపియన్‌షిప్ మ్యాచ్ చివరి నిమిషాలకు వచ్చింది. గెలిచిన జట్టు సూపర్ బౌల్‌కు వెళ్తుంది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి ఇంకా ఆటలోకి రాలేదు. సీబీఎస్ కామెంటరీ బాక్సులో ఉన్న టోనీ రోమో, పేట్రియట్స్ ఆటగాడు రాబ్ గ్రాంకోస్కీ మైదానం అంచుకు వెళ్లి నిలబడ్డాడని చూపించి, వెనక కాపలా ఉన్న సేఫ్టీని గమనించమన్నాడు. అతను ముందుకు దిగితే బంతి అటే వెళ్లే అవకాశం ఎక్కువన్నాడు. సేఫ్టీ ముందుకు దిగాడు. జట్టు తరఫున బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ దాన్ని గ్రాంకోస్కీకే విసిరాడు. ఓవర్‌టైమ్‌లో పేట్రియట్స్ 37-31తో గెలిచింది. భవిష్యత్తు చెప్పాడని పేరున్న నోస్ట్రడామస్ పేరుతో కలిపి అభిమానులు రోమోని ‘రోమోస్ట్రడామస్’ అని పిలిచారు.

రోమో చేసిన పనికి ఆ పేరు న్యాయం చేయదని నా అభిప్రాయం. అతను భవిష్యత్తు చెప్పలేదు, ఒక షరతు చెప్పాడు. ‘ఇలా జరిగితే అలా జరుగుతుంది’ అన్న ఆ షరతు వెనక ఏళ్ల తరబడి చూసిన వీడియోలున్నాయి. స్పోర్ట్స్ అనలిస్ట్ కావాలనుకునే విద్యార్థి నేర్చుకోవాల్సిన విద్య అదే. అది నేర్చుకోగలిగిన విద్య కూడా.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ అనే ఆటగాడు బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి, క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించే క్షణాన్ని స్నాప్ అంటారు. ఒక ప్లే ముగిశాక తర్వాతి స్నాప్‌కి సాధారణంగా 40 సెకన్ల గడువు. ఆ గడువు 15 సెకన్లకు పడిపోగానే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో కోచ్ మాట ఆగిపోతుంది. ఇక అతను తన కళ్లనే నమ్ముకోవాలి. 22 మందీ ఎవరి చోట వాళ్లు నిలబడి ఉంటారు. అనలిస్టు చదివేది ఆ కాసేపు కనిపించే బొమ్మనే.

ముందుగా డౌన్, దూరం. నాలుగు ప్రయత్నాల్లో (వీటినే డౌన్‌లంటారు) పది గజాలు వెళ్లాలి. మూడో ప్రయత్నంలో ఒక్క గజమే మిగిలితే పరుగు తీస్తారని, ఎనిమిది గజాలుంటే బంతి విసురుతారని స్టేడియంలో ఉన్న చిన్నపిల్లలూ చెబుతారు. తర్వాత వెనక సేఫ్టీలు ఒకరున్నారా, ఇద్దరా అన్నది చూడాలి. అన్నిటికన్నా నాకు ఆసక్తిగా అనిపించేది మోషన్. స్నాప్‌కి ముందు బంతి పట్టే రిసీవర్ ఒకడు అడ్డంగా నడుచుకుంటూ ఇటు నుంచి అటు వెళ్తాడు. డిఫెండర్ ఒకడు అతని వెంటే పరుగెత్తాడంటే, సాధారణంగా అది మనిషికి మనిషి కాపలా. ఎవరూ వెంట వెళ్లకుండా కాస్త సర్దుకుని ఊరుకుంటే జోన్, అంటే ఎవరి ప్రాంతాన్ని వాళ్లు కాయడం. క్వార్టర్‌బ్యాక్ అడిగిన ప్రశ్నకు డిఫెన్స్ ఇచ్చే జవాబు అది. దాన్ని టీవీలో కోట్లమంది చూస్తారు కానీ చదివేది కొందరే. డిఫెన్స్ కావాలని తప్పు జవాబూ ఇస్తుంది. అందుకే రోమో మాటలో ‘అయితే’ ఉంటుంది.

అతను ఎన్నిసార్లు సరిగ్గా చెప్పాడన్నది వాల్ స్ట్రీట్ జర్నల్ 2019లో లెక్కగట్టింది: 68 శాతం. అంటే దాదాపు మూడింట ఒకటి తప్పు. ఈ అంకెను కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగానికి పైగా ప్లేలు పాస్‌లే కాబట్టి, ప్రతిసారీ కళ్లు మూసుకుని పాస్ అన్నా సగానికి పైగా ఒప్పే అవుతుంది. కాబట్టి పాస్ అనడం గొప్ప కాదు. ఎటు, ఎవరికి, ఎందుకు అన్నది పది సెకన్లలో మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యే మాటల్లో చెప్పగలగడం గొప్ప.

ఏ కుర్చీకి దారి ఉంది?

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. మైకు ముందున్న ఆ కుర్చీలు దాదాపు అన్నీ మాజీ ఆటగాళ్లవి, కోచ్‌లవి. రోమో 2003లో డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోకపోతే డాలస్ కౌబాయ్స్‌లో చేరి, 2016 దాకా అక్కడే ఆడి, 2017లో నేరుగా సీబీఎస్ ప్రధాన ప్రసార బృందంలో కామెంటేటర్ అయ్యాడు. బ్రేడీ 2024 నుంచి ఫాక్స్‌లో చెబుతున్నాడు. ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థి ఆ కుర్చీని లక్ష్యంగా పెట్టుకోమని నేను చెప్పను.

అయితే ఆ కుర్చీ వెనక చాలామంది పనిచేస్తారు. ఎవరు బంతి పట్టారో క్షణంలో చూపించే స్పాటర్, గణాంకాలు అందించే స్టాటిస్టీషియన్, వారమంతా రెండు జట్ల అలవాట్లు తవ్వి తీసే రిసెర్చర్, తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ వాళ్లు, వాటి వెనక మోడల్ రాసే డేటా ఇంజినీర్లు. అమెజాన్ ప్రైమ్ వీడియో 2023 నుంచి గురువారం రాత్రి మ్యాచ్‌ల ప్రత్యేక ప్రసారంలో, క్వార్టర్‌బ్యాక్ మీదికి బ్లిట్జ్‌కి దూకేలా కనిపిస్తున్న డిఫెండర్‌ని స్నాప్‌కి ముందే ఎర్రటి గుర్తుతో చూపిస్తోంది. అది మెషిన్ లెర్నింగ్ మోడల్ చెప్పే అంచనా. రోమో కంటితో చేసిన పనిని కోడ్‌తో చేసేవాళ్లకు అక్కడ ఉద్యోగాలున్నాయి.

ఈ మోడళ్లకు ముడిసరుకు ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో ఉంటుంది. అందులో అమర్చిన చిప్‌లు ప్రతి ఆటగాడి స్థానాన్ని, వేగాన్ని సెకనుకు పదిసార్లు నమోదు చేస్తాయి. ఆ డేటాలో కొంత భాగాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా బిగ్ డేటా బౌల్ పోటీ కోసం కాగుల్ సైట్‌లో పెడుతుంది. 2025 పోటీకి ఇచ్చిన అంశమే స్నాప్‌కి ముందు కదలికల నుంచి తర్వాత జరిగేది అంచనా కట్టడం. 2020 పోటీలో గెలిచింది ఆస్ట్రియాలో ఉండే ఇద్దరు డేటా సైంటిస్టులు. అమెరికా కళాశాలల్లో ఫుట్‌బాల్ ఆడినవాళ్లేం కాదు. ప్రధానంగా ఆటగాళ్ల మధ్య దూరాలు, వేగాల తేడాలు తీసుకుని మోడల్ కట్టారు. ఈ పోటీలో పాల్గొన్న చాలామందిని తర్వాత జట్లు, డేటా కంపెనీలు ఉద్యోగాల్లోకి తీసుకున్నాయి. రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కంటే ఇలాంటి ఒక్క ప్రాజెక్టు ఎక్కువ మాట్లాడుతుంది.

1999 నుంచి ప్రతి ప్లే వివరాలు ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ అనే ఉచిత డేటాలో దొరుకుతాయి. ఆర్ గానీ పైథాన్ గానీ వస్తే ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. అయితే ఆట చూడకుండా కోడ్ ఒక్కటే రాసేవాళ్లు వెనకబడతారు. టీవీ కెమెరాలో వెనకున్న సేఫ్టీలు చాలాసార్లు కనిపించరు. 22 మందీ కనిపించేలా పైనుంచి తీసే ఆల్-22 వీడియో చూడండి. స్నాప్‌కి ముందు ఆపండి. డౌన్, సేఫ్టీల స్థానం, మోషన్‌కి స్పందన ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీ అంచనా, దాని మీద మీకెంత నమ్మకముందో కూడా రాసి, అప్పుడు ప్లే నడపండి. ‘ఎనభై శాతం ఖాయం’ అనుకున్నవి నిజంగా ఎనభై శాతం నిజమయ్యాయా? రెండు మూడు వందల ప్లేల తర్వాత మీ గుడ్డి నమ్మకాలన్నీ ఆ నోట్‌బుక్‌లో బయటపడతాయి. ఈ అలవాటున్న అభ్యర్థి ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు.

ఇప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న టెక్సస్‌లోని ఫ్రిస్కో, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఊరు. అక్కడి నుంచి ఐటీ కంపెనీలకు దరఖాస్తు చేసే పిల్లలు ఆ వీధి చివరే ఉన్న రంగాన్ని చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఫుట్‌బాల్ జట్టున్న యూనివర్సిటీలో అథ్లెటిక్ విభాగం వీడియో గదిలో స్టూడెంట్ ఉద్యోగాలుంటాయేమో అడగండి. ప్లేలకు ట్యాగులు వేయడం విసుగు పుట్టించే పనే, కానీ కళ్లు తెరుచుకునేది అక్కడే. ఎఫ్-1 వీసాపై ఉంటే చేరేముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుతో మాట్లాడండి.

ఇక్కడే, మన దేశంలో ఉండేవాళ్లకు క్రికెట్ ఉంది. డీప్ స్క్వేర్ లెగ్‌కి, ఫైన్ లెగ్‌కి మనుషుల్ని పంపి పేసర్ వెనక్కి నడుస్తున్నప్పుడు షార్ట్ బాల్ వస్తుందని ఊహించడం అచ్చంగా ఇదే విద్య. బంతి బంతికీ వివరాలు క్రిక్‌షీట్‌లో ఉచితం. తెలుగులో కామెంటరీ ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి, తెలుగులో పది సెకన్లలో వివరించగలిగే రిసెర్చర్ అవసరమూ ఉంది.

బిగ్ డేటా బౌల్ సాధారణంగా సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది. పాత పోటీల్లో బహుమతులు పొందిన ఎంట్రీలు కాగుల్‌లో ఉన్నాయి. వాటిలో రెండు మూడు ఎంచుకుని, కోడ్ కంటే ముందు రాత చదవండి. ఆ మోడల్ ఏం చెబుతోందో కోచ్‌కి అర్థమయ్యేలా ఎలా వివరించారో చూడండి. ఆ వివరణను మీ సొంత మాటల్లో ఒక్క పేరాగా, ఫుట్‌బాల్ తెలియని మీ అమ్మకో తమ్ముడికో అర్థమయ్యేలా రాయగలిగితే, మీ మొదటి ఎంట్రీకి సిద్ధంగా ఉన్నట్టే.