విద్యుత్తు లెక్కలు – బయటి ఇంజనీర్ల నియామకము

ప్రతి మాసమున మన ఇండ్లకు కరెంటు బిల్లు వచ్చుచున్నది. చెల్లింపవలసిన మొత్తమును చూచి, కాగితమును మడిచి దాచుకొనుచున్నాము. ఆ చిన్న కాగితము వెనుక ఎంత పని జరుగుచున్నదో ఆలోచించువారు కొలదిమంది. ఆ పని చేయువారిలో డేటాబేసు ఇంజనీర్లు ముఖ్యులు. వీరిలో కొందరు విద్యుత్ సంస్థల ఉద్యోగులు కారు. బయటి కంపెనీల ద్వారా ఒప్పందము మీద నియమింపబడినవారు. దీనినే ఔట్‌సోర్సింగ్ అందురు. మన నాగరగెరె ప్రాంతమునుండి బెంగళూరు చేరు యువకులకు ఇట్టి ఉద్యోగములు ఎదురగుచున్నవి. కావున ఆ పని యెట్టిది, దానికి తగినవారిని ఎట్లు ఎన్నుకొనవలెను, అందు చేరువారు ఏమి తెలిసికొనవలెను అను సంగతులను తల్లిదండ్రులకు తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

డేటాబేసు అనగా నేమి?

మన గ్రామములలోని పాల సంఘమును తలచుకొందము. అచ్చట ఒక పుస్తకమున సభ్యుని సంఖ్య, పేరు ఉండును. రెండవ పుస్తకమున ఉదయము, సాయంకాలము ఎవరెన్ని లీటర్ల పాలు పోసిరో, వెన్న శాతమెంతో ఉండును. ఈ రెండవ పుస్తకమున పేరు మరల మరల వ్రాయనక్కర లేదు. సభ్యుని సంఖ్య ఉన్న చాలును. ఆ సంఖ్యను పట్టుకొని రెండు పుస్తకములను కలిపి చూచినచో ఎవరికెంత డబ్బు రావలెనో తేలును. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఇ.ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పట్టికల పద్ధతికి గణితశాస్త్రపు పునాది వేసెను. నేటికిని వ్యాపార, ప్రభుత్వ లెక్కలలో ఈ పద్ధతియే విశేషముగా వాడుకలో నున్నది. బెస్కాం బిల్లుమీద కనబడు ఆర్.ఆర్. నంబరు, పాల సంఘపు సభ్యుని సంఖ్య వంటిదే.

ఫోనులో మనము చూచు తెర ముందుభాగము. లెక్కలను భద్రపరచి, అడిగినప్పుడు తీసి యిచ్చునది వెనుకభాగము. దీనిని బ్యాకెండ్ అందురు. ఇందు ముఖ్యమైన నియమము ఒకటి గలదు. ఒక గృహస్థు 600 రూపాయలు ఫోను ద్వారా చెల్లించెననుకొందము. అతని ఖాతాలో బాకీ తగ్గవలెను. సంస్థ వసూళ్లలో ఆ సొమ్ము జమ కావలెను. నడుమ యంత్రము ఆగిపోయినచో నేమగును? రెండును జరుగవలెను, లేదా రెండును జరుగకుండవలెను. సగము పని నిలిచియుండరాదు. ఇట్లు విడదీయరాని పనుల కూటమికి ట్రాన్సాక్షన్ అని పేరు. దీనిని కాపాడుట డేటాబేసు ఇంజనీరు ధర్మములలో మొదటిది.

గృహజ్యోతి చెప్పు పాఠము

2023లో కర్ణాటక ప్రభుత్వము గృహజ్యోతి పథకమును ప్రారంభించెను. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమని మనము విన్నాము. కాని ప్రతి ఇంటికిని 200 యూనిట్లు లేవు. 2022–23 సంవత్సరమున ఆ ఇంటివారు వాడిన నెలసరి సగటుకు 10 శాతము కలుపగా వచ్చినది ఆ ఇంటి హక్కు. సగటు 60 యూనిట్లైనచో హక్కు 66 యూనిట్లు. అనగా ప్రతి కనెక్షనుకును పాత సంవత్సరపు లెక్కలు వెదకి, సగటు కట్టి, నిలుపవలసివచ్చినది.

2024 జనవరిలో నియమము కొంత మారినది. సగటు 48 యూనిట్లలోపు ఉన్నవారికి 10 శాతమునకు బదులు 10 యూనిట్లు కలుపుటకు నిర్ణయమైనది. సగటు 40 ఉన్న పేద కుటుంబమునకు అంతకుముందు 44 యూనిట్లు. మార్పు తరువాత 50. ఆ ఆరు యూనిట్ల మేలు ఆ కుటుంబమునకు చేరవలెనన్నచో మంత్రిమండలి నిర్ణయము చాలదు. డేటాబేసులోని లెక్కకూడ మారవలెను. అచ్చట పొరపాటు జరిగినచో చట్టమిచ్చినదానిని యంత్రము లాగుకొనును.

బయటివారిని ఏల పిలుతురు?

మన జిల్లాకు విద్యుత్తు పంపిణీ చేయు బెస్కాం 2002 జూన్ 1న ఏర్పడినది. ఇట్టి సంస్థలవారికి తీగెలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుగా తెలియును. సాఫ్ట్‌వేర్ రచన వారి వృత్తి కాదు. 2008లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ఆర్-ఎ.పి.డి.ఆర్.పి. పథకము క్రింద పట్టణములలో వినియోగదారుల లెక్కలను కంప్యూటరీకరించు పని దేశమంతట సాగినది. కర్ణాటకమున ఆ పని ఇన్ఫోసిస్ సంస్థకు అప్పగింపబడినది. పెద్ద పని కొలది కాలములో ముగింపవలసినప్పుడు నిపుణులను బయటినుండి తెచ్చుకొనుట తప్పు కాదు. ఇల్లు కట్టునప్పుడు మేస్త్రీని పిలుతుము గదా!

ఇకముందు ఈ పని పెరుగును. 2021లో ప్రారంభమైన కేంద్ర పథకమొకటి దేశమున 25 కోట్ల స్మార్టు ప్రీపెయిడ్ మీటర్లను లక్ష్యముగా పెట్టుకొన్నది. పాత మీటరును నెలకొకసారి చదువుదురు. 15 నిమిషములకొకసారి లెక్క గుర్తించు మీటరు దినమునకు 96, ముప్పది దినములకు 2,880 అంకెలను పంపును. 25 కోట్ల మీటర్లు ఇట్లే పంపినచో ఒక్క దినమునకు 2,400 కోట్ల అంకెలు. వీనిని చెదరకుండ నిలుపుటకు నేర్పరులు కావలెను.

ఎన్నుకొనుటలో నాలుగు పరీక్షలు

మొదటిది, ప్రశ్నించు గుణము. పైన చెప్పిన నియమమును అభ్యర్థికిచ్చి పట్టిక వ్రాయుమనవలెను. "సగటు సరిగా 48 ఐనచో ఏమి చేయవలెను? 2022–23లో కనెక్షనే లేని ఇంటికి సగటు ఎట్లు?" అని అతడు తిరిగి అడిగినచో అతడు పనివాడు. ఏమియు అడుగక వ్రాసి యిచ్చువాడు ఎన్ని సర్టిఫికెట్లు చూపినను జాగ్రత్తగా చూడవలసినవాడే.

రెండవది, నష్టమునుండి కోలుకొను శక్తి. లెక్కలకు నకలు తీసితిమని చెప్పుట చాలదు. ఆ నకలునుండి మొత్తమును తిరిగి నిలబెట్టి చూపవలెను.

మూడవది, గోప్యత. పదునైదు నిమిషముల లెక్కను చూచువాడు ఒక ఇంట మనుష్యులున్నారో, తాళము వేసియున్నదో ఊహింపగలడు. కావున బయటి ఇంజనీరు అభ్యాసమునకు కల్పిత లెక్కలనే ఇయ్యవలెను. అసలు లెక్కను ఎవరు, ఎప్పుడు తెరచిరో గుర్తు ఉండవలెను. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము ప్రకారము, సమాచారమును సేకరించిన సంస్థ ఆ పనిని ఇతరులచే చేయించినను బాధ్యత ఆ సంస్థదే.

నాలుగవది, అప్పగింత. ఒప్పందము ముగిసిన దినమున ఇంజనీరు వెడలిపోవును. ప్రతి పట్టిక ఏల ఉన్నదో వ్రాసి యిచ్చి పోవలెను. దానిని చదివి గ్రహింపగల సొంత ఉద్యోగులు కొందరైనను సంస్థలో ఉండితీరవలెను. లేనిచో ఇంటి యజమాని తన ఇంటి తాళపుచెవికై మేస్త్రీ వాకిట నిలువవలసివచ్చును.

తల్లిదండ్రులకు మనవి

కొన్ని సంవత్సరముల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు తండ్రితో కూడ నా యొద్దకు వచ్చెను. బెంగళూరులో ఒకరు రుసుము తీసికొని, చేయని పనికి మూడేండ్ల అనుభవపత్రము ఇప్పింతుమనిరట. తండ్రి ఆవునమ్మిన డబ్బు పంచె కొంగున కట్టుకొని యుండెను. "లెక్కలు కాపాడు ఉద్యోగమునకు దొంగలెక్కతో పోవుట తగునా?" అని మాత్రము అడిగితిని. బాలుడు తల వంచుకొనెను. ఆ డబ్బుతో వారు మరల ఆవును కొనిరి. అతడు తక్కువ జీతపు పనిలో చేరి నేర్చుకొనెను. నేడు ఇతరులను పరీక్షించి చేర్చుకొను స్థానమున నున్నాడు.

ఒప్పందపు ఉద్యోగమున చేరుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు. జీతమిచ్చునది ఎవరు? ఒప్పందము ఎంతకాలము? భవిష్యనిధి జమ అగునా? నడుమ మానినచో ఏమి చెల్లింపవలెను? అసలు సర్టిఫికెట్లను ఎవరికిని తాకట్టుగా నీయకుడు. విద్యుత్ సంస్థ కార్యాలయములో కూర్చున్నంతమాత్రమున ఆ సంస్థ ఉద్యోగి యగుట లేదని పిల్లవానికి ముందుగనే తెలియవలెను.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఇది అందునా అని కొందరడుగుచున్నారు. ఆంగ్లము అవసరమే, కాదనుట ఆత్మవంచన. కాని డేటాబేసు భాషయైన ఎస్.క్యూ.ఎల్.లో నిత్యము వాడు ఆజ్ఞలు ప్రధానముగా నాలుగు: సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్. వానిని కొలది దినములలో నేర్వవచ్చును. ఏ లెక్క ఎచ్చట ఉండవలెనో నిర్ణయించు వివేకము మాతృభాషలోనే బాగుగా మొలకెత్తును. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు వెల లేకుండ దొరకును. మీ పిల్లవానిచే ఒక నెల మీ ఇంటి పాల లెక్కను పట్టికలుగా వ్రాయించి చూడుడు. తప్పు దొరలినచో దిద్దిన గుర్తు ఉంచుమనుడు, చెరిపివేయనీయకుడు.

పనిని బయటివారికి అప్పగింపవచ్చును. బాధ్యతను అప్పగింపరాదు. ఇది విద్యుత్ సంస్థకు ఎంత నిజమో, పిల్లల చదువును పాఠశాలకు అప్పగించిన మనకును అంత నిజము.