సన్నగా ఉన్నా షుగర్ ఎందుకు? వయసుతో మారే కొవ్వు కథ



నంద్యాల, ఆళ్లగడ్డల్లో మన సొసైటీ పెట్టే వైద్య శిబిరాల్లో ఒక మాట తరచుగా వింటుంటాం: "నేను సన్నగానే ఉన్నాను కదా, నాకు షుగరేంటి?" మేమూ ఇన్నాళ్లూ బరువు తూచి, లావుగా ఉన్నవారినే ముందు రక్తపరీక్షకు పంపుతూ వచ్చాం. అది పొరపాటని ఇప్పుడు తెలుస్తోంది. ఖర్చయ్యేది మీ డబ్బు గనుక కారణం మీకు చెప్పాలి.

కొవ్వంటే ఒంట్లో ఊరికే పడి ఉన్న సరుకని చాలామంది అనుకుంటాం. 1994లో లెప్టిన్ అనే హార్మోను బయటపడ్డాక ఆ అభిప్రాయం మారింది. కొవ్వు కణాల్లోనే పుట్టి, తిన్నది చాలని మెదడుకు కబురు పంపేది ఇదే. అడిపోనెక్టిన్ అనే మరొకటి ఇన్సులిన్ పనికి సాయపడుతుంది. అదీ కొవ్వు నుంచి వచ్చేదే.

ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ జన్యువులు ఒకటే. ఏది పని చేయాలి, ఏది ఊరుకోవాలి అన్నదే కణాన్ని బట్టి మారుతుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కడం చూసినవారికి ఇది కొత్త కాదు. పనిముట్లు అవే, కానీ ముతక పనికి తీసే ఉలి వేరు, కన్ను దిద్దే ఉలి వేరు. వయసు పైబడినా పనిముట్లు దాదాపు అవే ఉంటాయి, చేతికి తీసే ఉలి మారుతుంది.

వయసులో ఉన్నప్పుడు కొవ్వు కణజాలంలోని లేత కణాలు కొత్త కొవ్వు కణాలుగా ఎదుగుతాయి. ఆ పనిని నడిపించే ముఖ్య జన్యువు పీపార్ గామా. వయసుతో ఆ లేత కణాల్లో దాని జోరు తగ్గుతుంది. మరోవైపు కణ విభజనను ఆపే పి16 జోరు పెరుగుతుంది. అలా ఆగిపోయిన కణాలు చాలావరకు చచ్చిపోకుండా, వాపు పుట్టించే ప్రోటీన్లను చుట్టూ వదులుతుంటాయి. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుకల 17 అవయవాలను వయసు వెంట పోల్చి చూశారు. రోగనిరోధక కణాల అలజడి అందరికంటే ముందు కనిపించింది కొవ్వులోనే, అదీ నడివయసులోనే. ఎలుకకూ మనిషికీ తేడా ఉంది, నిజమే. అయినా యాభై దాటాక చూద్దాంలే అనుకునేవారు ఆలోచించాల్సిన విషయం.

కొవ్వు కణజాలాన్ని బియ్యం గోడౌను అనుకోండి. లోపల చోటు లేకపోతే బస్తాలు వరండాలో, నట్టింట్లో పడతాయి. చర్మం కింద దాగాల్సిన కొవ్వు కూడా అలాగే కాలేయంలో, కండరాల్లో, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ మాట చెల్లదు, రక్తంలో చక్కెర పెరుగుతుంది.

మన దేశస్తులకు ఈ బెడద ఎక్కువ. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! తూకం మిషను ఈ తేడా చెప్పదు. టేపు కొంత చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి.

జన్యువుల పనితీరు చేతికి అందనిదేమీ కాదు. స్వీడన్‌లో కూర్చుని పనిచేసే మగవారి చేత ఆరు నెలలు వ్యాయామం చేయిస్తే, వారి కొవ్వులో వేలాది జన్యువుల మీది రసాయన గుర్తులు మారాయని 2013లో ప్రచురించారు. మందు కాదు, వ్యాయామమే. మన దుకాణదారులు, దర్జీలు, డ్రైవర్లు పొద్దంతా కూర్చునేవారే కదా.

అందుకే ఈ ఏడాది నుంచి రెండు ఊళ్ల శిబిరాల్లోనూ 35 దాటిన ప్రతి ఒక్కరికీ నడుము కొలిచి, సన్నగా ఉన్నా లావుగా ఉన్నా చక్కెర పరీక్ష చేయిస్తాం. పరీక్షలు పెరుగుతాయి గనుక ఖర్చూ పెరుగుతుంది. ఆ పద్దును వార్షిక లెక్కల్లో విడిగా చూపిస్తాం. శిబిరానికి వచ్చే దాతలు కూడా దయచేసి టేపు దగ్గర ఆగి వెళ్లండి.