కట్టుటకు సెలవిచ్చిన దెవరు?

పాఠ్యభాగము: ఎజ్రా గ్రంథము, 4, 5, 6 అధ్యాయములు



యెరూషలేమునందు పాడైన ఆలయమును యూదులు మరల కట్టుచుండగా, ఆ మండలాధిపతి యగు తత్తెనై తన సహచరులతో వచ్చి, దానిని కట్టుటకు సెలవిచ్చిన దెవరని, కట్టువారి పేర్లేవని ప్రశ్నించెను. ఇది క్రీ. పూ. 520 ప్రాంతపు సంగతి.

పెద్దలు కోపింపలేదు; ఏదియు దాచలేదు. తాము భూమ్యాకాశముల నేలు దేవుని సేవకులమనిరి. పితరుల దోషముచేతనే పూర్వాలయము నశించెనని ఒప్పుకొనిరి. కోరెషు చక్రవర్తి అనుజ్ఞ నిచ్చియున్నాడనిరి. తత్తెనైయు పని నాపింపక, వారి మాటలను ఉన్నవి యున్నట్లు దర్యావేషునకు వ్రాసి, దఫ్తరములు వెదకింపుడని కోరెను. వెదకగా ఎగ్బతానా పురమున శాసనము దొరకెను: మందిరము 60 మూరల యెత్తు, 60 మూరల వెడల్పు ఉండవలెను, వ్యయము రాజుగారి బొక్కసమునుండి ఈయవలెను. క్రీ. పూ. 515లో పని ముగిసెను. న్యాయస్థానములతో పరిచయము గలవారికి ఈ నడవడి ముచ్చట గొల్పును.

ఇట్టి ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన శంషాబాదు హైదరాబాదు సంస్థానములో నుండిన కాలమున, గుడి కట్టుటకును, మరమ్మతు చేయుటకును ప్రభుత్వపు మతవ్యవహారశాఖ అనుమతి కావలసియుండెను. ఆ నిర్బంధము తొలగవలెననుట 1938-39లో ఆర్యసమాజమువారు సాగించిన సత్యాగ్రహపు కోరికలలో నొకటి. అది న్యాయమైన కోరికయే.

అయినను గ్రంథమును ఒక అధ్యాయము వెనుకకు త్రిప్పుడు. పొరుగువారు వచ్చి, తామును ఆ దేవునే కొలుతుము, కలసి కట్టుదుమనగా, పెద్దలు మీకు మాతో పొత్తు లేదనిరి. గ్రంథకర్త ఆ పొరుగువారిని విరోధులనియే పేర్కొనెను. మతశుద్ధికై అట్లు చేసిరని వ్యాఖ్యాతలు సమర్థింతురు. కాని ఆ నిరాకరణము వెంటనే వైరము పెరిగి, పని యేండ్ల తరబడి నిలిచిపోయెను. రాజు సెలవు కోరినవారే పొరుగువారికి సెలవీయలేదు.

మన సంగతి యేమి? సత్యాగ్రహము సాగుచుండగనే, 1939 ఫిబ్రవరిలో, భాగ్యరెడ్డివర్మగారు హైదరాబాదున దివంగతులైరి. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, బ్రాహ్మధర్మము నాదరించి, అంటరానివారని యెంచబడినవారి కొరకు జీవితము ధారవోసిన మహనీయుడాయన. ప్రభుత్వము గుడి కట్టుటకు సెలవిచ్చినను, ఆ గుడి గడప దాటుటకు ఆయనవారికి సెలవు లేకుండెను. దానిని నిరాకరించినది ఏ శాఖయు కాదు, మన పూర్వులే.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. హిందూ ప్రజాలయములను అన్ని తరగతులకును తెరచుటకు చట్టములు చేయవచ్చునని 25వ అధికరణము చెప్పుచున్నది. చట్టము తలుపు తీయగలదు. లోనివారి హృదయమును తీయజాలదు.

1830 జనవరి నాటి కలకత్తా బ్రాహ్మసమాజపు ధర్మకర్తృత్వ పత్రము, భక్తితో మర్యాదగా వచ్చు సకలజనులకును భేదము లేక మందిరము తెరచియుండవలెనని నిర్ణయించినది. 2008లో తెరువబడిన మన శంషాబాదు విమానాశ్రయమున టిక్కెట్టు చూపనిదే లోనికి పోనీయరు. ప్రయాణమునకు అది తగును, ప్రార్థనకు తగదు.

ఆత్మపరీక్షకు రెండు ప్రశ్నలు: మన మందిరమునకు ఎవరు సెలవిచ్చిరి? మన మందిరమునకు వచ్చుటకు మన మెవరికి సెలవీయకున్నాము? మొదటిదానికి దఫ్తరములో జవాబు దొరకును. రెండవదానికి మన అంతఃకరణమే దఫ్తరము.