ఎవరు గొప్ప? – బాక్సర్ల రికార్డులు చదివే పద్ధతిపై ఒక పరిశీలన

మా హాస్టల్లో ఏళ్ల తరబడి తెగకుండా నడుస్తున్న వాదనలు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా గట్టిది బాక్సింగ్ మీద: మేరీ కోమ్ గొప్పా, నిఖత్ జరీన్ గొప్పా? తార్నాక చౌరస్తాలో టీ దగ్గర మొదలవుతుంది. క్యాంపస్‌లోకి నడిచి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చుంటుంది. రాత్రి మెస్ హాల్లో పళ్లేలు కడిగేదాకా వదలదు. నిజామాబాద్ నుంచి వచ్చిన మిత్రులందరూ ఒక పక్క. ‘మా ఊరి అమ్మాయి’ అన్న ఒక్క మాటతో వాళ్లకు వాదన పూర్తవుతుంది. నిఖత్ దోమలగూడ ఏ.వి. కాలేజీలో చదివింది, అది మన ఉస్మానియాకు అనుబంధ కళాశాల కాబట్టి యూనివర్సిటీ మొత్తం ఆమె పక్షమే ఉండాలని కొత్తగా ఒకరు వాదిస్తున్నారు. మిగతావాళ్లు వేళ్లు మడిచి ఆరు, రెండు అని లెక్క చెబుతారు. ఆరు ప్రపంచ టైటిళ్లు మేరీ కోమ్‌వి, రెండు నిఖత్‌వి.

వాదించే ముందు అసలు రికార్డు చదవడం ఎలాగో నేర్చుకుందామని, పాత పత్రికలు తిరగేసి మేము నలుగురం కలిసి ఈ వ్యాసం రాశాం. మా తీర్పు కూడా చెప్పాం. ఒప్పుకోనివాళ్లు ఎలాగూ మెస్ హాల్లో దొరుకుతారు.

ముందు ప్రొఫెషనల్ బాక్సింగ్ సంగతి చూద్దాం. అక్కడ మనిషి జీవితమంతా ఒక వరుసలో ఇమిడిపోతుంది. మహమ్మద్ అలీ: 61 పోటీలు, 56 గెలుపులు, వాటిలో 37 నాకౌట్లు, 5 ఓటములు. రాకీ మార్సియానో: 49 పోటీలు, 49 గెలుపులు. అంకెలే తీర్పరులైతే వాదన ఇక్కడితో అయిపోవాలి. అయినా హెవీవెయిట్‌లో గొప్పవాడెవరంటే ఎక్కువమంది అలీ పేరే చెబుతారు. ఎందుకంటే వాళ్లు మొత్తం చూడరు, గడి గడీ చూస్తారు. అలీ ఓడిన ఐదుగురు జో ఫ్రేజియర్ (1971), కెన్ నార్టన్ (1973), లియోన్ స్పింక్స్ (1978), లారీ హోమ్స్ (1980), ట్రెవర్ బెర్బిక్ (1981). చివరి మూడు ఓటములూ 36 ఏళ్లు నిండిన తరువాతవి. ఫ్రేజియర్‌ను, నార్టన్‌ను ఆ తరువాత చెరి రెండుసార్లు, స్పింక్స్‌ను అదే ఏడాది ఒకసారి ఓడించాడు కూడా. 1974లో కిన్షాసాలో అతని ఎదుట నిలిచిన జార్జ్ ఫోర్‌మన్ అప్పటికి 40 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు.

ఇంకో సంగతి ఉంది. 1967 నుంచి 1970 దాకా అలీ రికార్డులో ఒక్క పోటీ కూడా కనబడదు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు అతన్ని రింగ్‌కు దూరం పెట్టారు. బాక్సర్‌కు మంచి వయసు అనదగ్గ మూడున్నరేళ్లు అలా పోయాయి. ఖాళీ గడికి గెలుపూ లేదు, ఓటమీ లేదు. కానీ రికార్డు చదివేవాడు ముందుగా వేలు పెట్టాల్సింది ఆ ఖాళీ మీదే అని మా అభిప్రాయం.

ఇక మార్సియానో. అతని 49 గెలుపుల్లో 1951లో జో లూయిస్ మీద గెలిచినది ఒకటి. లూయిస్‌కు అప్పటికి 37 ఏళ్లు. ఒకసారి ఆట మానేసి తిరిగి వచ్చినవాడు. ఇందులో మార్సియానో తప్పేమీ లేదు, ఎదురుగా వచ్చినవాడిని కొట్టాడు. కాకపోతే గెలుపు గడిలో ‘1’ అనే పడుతుంది, ఎదుటివాడి వయసు పడదు.

మేరీ కోమ్, నిఖత్‌ల లెక్క దీనికి భిన్నం. వాళ్ల పేరు నిలిచింది దేశం తరఫున ఆడే పోటీల్లో. అక్కడ గెలుపు ఓటముల వరుస ఎవరికీ నోటికి రాదు, పతకాలే గుర్తుంటాయి. మేరీ కోమ్ 2001లో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది. తరువాత 2002, 2005, 2006, 2008, 2010, 2018లలో స్వర్ణాలు, 2019లో కాంస్యం. మొత్తం ఎనిమిది ప్రపంచ పతకాలు. వీటికి తోడు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2014 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. నిఖత్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో, 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాంకు చెందిన గుయెన్ థి టామ్‌ను 5-0తో ఓడించి సీనియర్ ప్రపంచ విజేత అయింది. 2022 కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం కూడా ఆమెవే.

ఇక్కడ చిన్న మాట. 5-0 అంటే ఐదు దెబ్బలు తగిలాయని మాలో చాలామంది అనుకుంటారు. కాదు. ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఒకరికే గెలుపు ఇచ్చారని అర్థం. 2012లో మేరీ కోమ్ ఒలింపిక్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడినప్పటి అంకెలు వేరు, అవి తగిలిన దెబ్బల లెక్క. 2013లో ఆ పద్ధతి పోయింది. అందుకని పాత స్కోరును కొత్త స్కోరు పక్కన పెట్టి ‘ఎంత తేడా చూడు’ అనడం కుదరదు.

ఇప్పుడు ఆరు, రెండు లెక్కలోకి దిగుదాం.

మేరీ కోమ్ తొలి టైటిళ్లు గెలిచిన రోజుల్లో మహిళల బాక్సింగ్‌కు చాలా దేశాల్లో జట్టే లేదు. 2022 ఇస్తాంబుల్ పోటీలకు 70కి పైగా దేశాల నుంచి 300 మందికి పైగా వచ్చారు. కాబట్టి నిఖత్ గెలిచిన బరి ఇంకా ఇరుకైనదనీ, ఆమె టైటిల్ బరువు ఎక్కువనీ నిజామాబాద్ మిత్రులు అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ అదే చేత్తో ఇంకో గడి చూడాలి. 2023 ఢిల్లీ పోటీలకు అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ మొదలైన కొన్ని దేశాలు రాలేదు. రష్యా బాక్సర్లను సొంత జెండాతో రానిచ్చారని బహిష్కరించాయి. సొంతగడ్డ లాభం అంటారా, అది ఇద్దరికీ ఉంది. 2006లో, 2018లో మేరీ కోమ్ గెలిచినదీ ఢిల్లీలోనే.

బరువు తరగతుల సంగతి ఇంతకన్నా ముఖ్యం. ప్రపంచ పోటీల్లో మహిళలకు 12 బరువులుంటే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆరే ఉన్నాయి. 2023లో నిఖత్ 50 కిలోల్లో, చైనాకు చెందిన వు యు 52 కిలోల్లో ప్రపంచ విజేతలు. ఒకే ఊళ్లో, ఒకే వారంలో ఇద్దరు విజేతలు. మరుసటి ఏడాది పారిస్‌లో ఇద్దరూ 50 కిలోల్లోనే దిగాల్సి వచ్చింది. నిఖత్‌కు సీడింగ్ లేదు, వు యు టాప్ సీడ్. రెండో బౌట్‌లోనే ఎదురుపడ్డారు. వు యు 5-0తో గెలిచి చివరికి స్వర్ణం కూడా తీసుకెళ్లింది. రికార్డులో నిఖత్ పేరు పక్కన ‘పతకం లేదు’ అనే ఉంటుంది. ఎవరి చేతిలో, ఏ రౌండులో అన్నది రాసి ఉండదు.

ఇదే బరువు మేరీ కోమ్‌కూ అడ్డం వచ్చింది. ఆమె ప్రపంచ టైటిళ్లన్నీ 45 నుంచి 48 కిలోల మధ్యవి. 2012 దాకా ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ లేనే లేదు. చేర్చినప్పుడు మూడే బరువులు పెట్టారు, అతి తక్కువది 51 కిలోలు. అంటే ఐదు ప్రపంచ టైటిళ్లు గెలిచేనాటికి ఆమెకు ఒలింపిక్ తలుపే లేదు. తెరిచాక తనది కాని బరువులోకి ఎక్కి కాంస్యం తెచ్చింది. 2007లో కవలలకు తల్లయి 2008లో మళ్లీ ప్రపంచ విజేత అయింది. అలీ రికార్డులో మనం వేలు పెట్టిన ఖాళీలాంటిది ఇక్కడా ఉంది, చూడండి. నిఖత్‌కూ ఒకటి ఉంది: 2017లో భుజం గాయమై ఏడాదిపాటు ఆటకు దూరమైంది.

మరి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే? నిలబడ్డారు. ఆ కథలో గొప్ప ఎవరన్న ప్రశ్నకన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. 2019లో ప్రపంచ పోటీలకు 51 కిలోల్లో మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండానే పంపారు. తరువాత ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా అలాగే పంపుతారన్న మాట వినబడగానే నిఖత్ ఊరుకోలేదు. తనకు ట్రయల్ పెట్టమని అప్పటి కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. అవతల ఉన్నది ఆరుసార్లు ప్రపంచ విజేత, రాజ్యసభ సభ్యురాలు. చివరికి ట్రయల్ పెట్టారు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో బౌట్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది.

ఈ అంకె చూపించి మా హాస్టల్లో ఒక వర్గం నోరు మూయించాలని చూస్తుంది: ‘అడిగింది, ఓడింది, అయిపోయింది కదా!’ మేము దీన్ని గట్టిగా కాదంటాం. బౌట్‌లో మేరీ కోమ్ మెరుగు అని తేలింది, సరే. ట్రయల్ పెట్టాలా వద్దా అన్న దాంట్లో నిఖత్‌దే న్యాయం. గత రికార్డు గౌరవానికి పనికొస్తుంది, ఈ రోజు బెర్తుకు కాదు. మేరీ కోమ్ కూడా 2022 జూన్‌లో కామన్వెల్త్ క్రీడల ట్రయల్స్‌కు అందరిలాగే వచ్చింది. నీతూతో బౌట్‌లో మోకాలికి దెబ్బ తగిలి తప్పుకుంది. ఆ ఓటమి కూడా మా లెక్కలో ఆమె గౌరవాన్ని పెంచేదే.

మాకు ఈ ప్రశ్న ఎందుకు ఇంత కోపం తెప్పిస్తుందో పూర్వ విద్యార్థులకు తెలియకపోవచ్చు. పోయినేడాది హాస్టళ్ల మధ్య కబడ్డీ పోటీలకు జట్టు కట్టినప్పుడు సీనియర్లను ట్రయల్ లేకుండా తీసుకున్నారు. జూనియర్ తమ్ముళ్లు అడిగితే ‘మూడేళ్లుగా ఆడుతున్నార్రా అన్నలు, మీరెంత!’ అన్నారు. ఎవరన్నారో పేర్లు ఎందుకు గానీ, ఆ వారం మెస్ హాల్లో ఒక బల్లకు ఇంకో బల్లకు మాటల్లేవు. మేరీ కోమ్ పక్షం, నిఖత్ పక్షం అని మేము చెప్పుకునే చీలిక కొంతవరకు అక్కడిదే. చివరికి ట్రయల్ పెట్టారు. అడిగిన ముగ్గురు తమ్ముళ్లలో ఒకరికే జట్టులో చోటు దొరికింది. మిగతా ఇద్దరూ ఆ సాయంత్రం ఆకలిగా తిన్నారని, వారం రోజుల తరువాత అదే మొదటిసారని వాళ్ల రూమ్‌మేట్లు చెప్పారు.

ఇక మా తీర్పు. ఇప్పటిదాకా ఉన్న రికార్డును బట్టి మేరీ కోమ్ గొప్ప. ఆరు రెండుకన్నా పెద్దది కాబట్టి కాదు. మొదటి ప్రపంచ పతకానికీ చివరిదానికీ మధ్య 18 ఏళ్లు ఉన్నాయి. అంతకాలంలో బరి పెద్దదైంది, స్కోరు పద్ధతి మారింది, బరువు మారింది. ఆమె మాత్రం బరి విడవలేదు.

మాలో ఒకరు దీనికి సంతకం పెట్టలేదు. ఆ మిత్రుడి మాట రాయకపోతే అన్యాయం. ఆయన పతకాలు లెక్కపెట్టడు, ఓడించినవాళ్లను లెక్కపెడతాడు. 2021లో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా పోటీల్లో నిఖత్‌కు దక్కింది కాంస్యమే. కానీ ఆ దారిలో ప్రపంచ విజేతలు ఇద్దరిని, రష్యాకు చెందిన ఎకతెరినా పల్ట్‌సేవాను, కజకిస్తాన్‌కు చెందిన నజీమ్ కిజైబాయ్‌ను ఓడించింది. 2022లో అవే పోటీల్లో టోక్యో ఒలింపిక్ రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోగ్లును ఓడించి స్వర్ణం గెలిచింది. ‘ఆ కాంస్యం మీ పుస్తకంలో మూడో స్థానం, నా పుస్తకంలో మొదటిది’ అంటాడాయన. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో అదే బుసె నాజ్ చేతిలో నిఖత్ ఓడిందని మేము గుర్తు చేశాం. అదే ఏడాది నవంబర్‌లో గ్రేటర్ నోయిడా ప్రపంచ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచిందని ఆయన గుర్తు చేశాడు. ముగిసిన రికార్డును ఇంకా నడుస్తున్న రికార్డుతో పోల్చడమంటే మార్చిలో పరీక్ష రాసేవాడిని సెప్టెంబర్‌లో మార్కులడగడమేనని కూడా అన్నాడు. దీనికి మా దగ్గర జవాబు లేదు.

మన క్యాంపస్‌లో అసలు అంకెలే లేని బాక్సర్ ఒకరున్నారు. 1972 ఏప్రిల్ 14న ఇక్కడే హత్యకు గురైన జార్జి రెడ్డి ఫిజిక్స్ విద్యార్థి, బాక్సర్ కూడా. ఆయన పంచ్ గురించి క్యాంపస్‌లో యాభై ఏళ్లుగా కథలు చెప్పుకుంటున్నారు. ఎన్ని గెలిచారు, ఎవరి మీద అని అడిగితే ఎవరూ వరుసగా చెప్పలేరు. మా హాస్టల్ సీనియర్ అన్న ఒకరు అంతర్ కళాశాలల పోటీల్లో ఒకే ఒక్క బౌట్ ఆడారు. మొదటి రౌండులోనే ఓడారు. ఓడించినవాడు ఆ ఏడాది ఆ బరువులో విజేత. అన్న దగ్గరున్న సర్టిఫికెట్‌లో మాత్రం ‘పాల్గొన్నారు’ అన్న ఒక్క మాటే ఉంది.

ఈ వ్యాసం రాస్తుండగా హాస్టల్ ఆటల రిజిస్టరుకు కొత్త గడులు గీశాం. తేదీ, ఆట, ఫలితం పక్కన ‘ఎవరి మీద’, ‘ఏ బరువు’, ‘ట్రయల్ జరిగిందా’ అని ఉంటాయి. కబడ్డీ ట్రయల్‌లో ఓడిన తమ్ముళ్లిద్దరి పేర్లూ మొదటి పేజీలో ఉన్నాయి, ఎదురుగా ఆడిన అన్నల పేర్లతో సహా. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు తమ పాత పోటీల వివరాలు చెబితే రాసుకుంటాం. ఓటములు కూడా చెప్పండి, ఎవరి చేతిలోనో మరిచిపోకుండా.