నేరేడు: గింజ నాటుదామా, అంటు నాటుదామా?

జూన్‌లో హాస్టల్ తెరిచేనాటికి కాగజ్‌నగర్ బజారులో అల్లనేరేడు పండ్లు కనిపిస్తాయి. మనం పండు తిని గింజ ఉమ్మేస్తాం. ఆ గింజే చెట్టవుతుంది కదా!

గింజకు ఖర్చు లేదు. అయితే దాని మొలకశక్తి త్వరగా పోతుంది. తిన్న వారంలోపే కడిగి, మట్టి సంచిలో నాటాలి. సుమారు రెండు వారాల్లో మొలుస్తుంది. కాపుకు 8 నుంచి 10 ఏళ్లు ఆగాలి. తల్లిచెట్టు లాంటి పండే వస్తుందన్న భరోసా లేదు.

అంటుమొక్కను కొనాలి. కానీ 4 నుంచి 6 ఏళ్లలో కాస్తుంది, తల్లిచెట్టు గుణం తప్పదు. గోమా ప్రియాంక, బహడోలి పేరున్న రకాలు.

నాటే పద్ధతి:

1. చెట్టు పెద్దదవుతుంది. గోడకు, కరెంటు తీగలకు దూరంగా నాటాలి. రెండు చెట్ల మధ్య 10 మీటర్లు వదలాలి.

2. ఎండాకాలంలోనే మీటరు లోతు, మీటరు వెడల్పు గొయ్యి తవ్వాలి. వానలు పడ్డాక పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి నాటాలి.

3. అంటు కట్టు మట్టిపైనే ఉండాలి. దాని కింద వచ్చే చిగుళ్లను తుంచాలి.

4. మొదటి ఎండాకాలాలు నీళ్లు తప్పనిసరి. సెలవుల్లో ఎవరు పోస్తారో ముందే అనుకోవాలి.

5. కొమ్మలు పెళుసు. ఎక్కకండి, కింద గుడ్డ పరిచి గెడతో దులపండి.

మూడో తరగతిలో చేరిన తమ్ముడు పదో తరగతి దాకా ఇక్కడుండేది 8 ఏళ్లు. అంటు నాటితే తానే పండు తిని వెళ్తాడు. గింజ నాటితే తర్వాత వచ్చేవాళ్లు తింటారు. రెండూ మంచివే. పూర్వ విద్యార్థులారా, ఈసారి వచ్చేటప్పుడు ఒక్కొక్క అంటుమొక్క తెండి. గొయ్యి మేం తవ్వి ఉంచుతాం.