వైద్యుడు లేని ఊరు

పాఠ్యభాగ పరిచయం

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో ప్రజారోగ్య వ్యవస్థ ఏ ఆశయంతో రూపుదిద్దుకొన్నదో, నిధుల కొరత సిబ్బంది కొరతగా ఎట్లా పరిణమిస్తున్నదో, ఆ భారం చివరకు ఎవరి మీద పడుతున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

వైద్యుడు లేని ఊరిలో కాపురం ఉండరాదని సుమతీ శతకకర్త హెచ్చరించాడు. అవసరానికి అప్పు పుట్టడం, ఏడాది పొడవునా నీరుండే నది దగ్గరగా ఉండటం ఎంత ముఖ్యమో, ఊరికి వైద్యుడూ అంత ముఖ్యమని ఆయన భావన. అది అనుభవం పండిన మాట. అయితే ఊరు మార్చుకొనే స్తోమత ఉన్నవారికే ఆ హితవు ఉపకరిస్తుంది. అరెకరం పొలాన్ని నమ్ముకొన్న రైతు, ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొనే శ్రామికుడు, అడవిని విడిచి బ్రతకలేని గిరిజనుడు ఎక్కడికి పోగలరు? మనిషి వైద్యుణ్ణి వెతుక్కొంటూ పోలేనప్పుడు వైద్యుడే మనిషి వద్దకు రావాలి. ప్రజారోగ్య వ్యవస్థకు ఇదే మూలసూత్రం.

ఈ సూత్రం మన దేశానికి కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1946లో సమర్పించిన నివేదికలో గ్రామీణులకు చేరువగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నెలకొల్పాలని సూచించింది. డబ్బు లేనందువల్ల ఏ వ్యక్తీ వైద్యానికి దూరం కారాదన్నది ఆ నివేదికకు ప్రాణం. రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. వైద్యశాలల నిర్వహణను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. 1952లో సమాజ వికాస పథకం ప్రారంభమైన తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఒక్కొక్కటిగా వెలిశాయి.

క్రమంగా ఈ వ్యవస్థకు మూడు అంచెల రూపం ఏర్పడింది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం. మైదానంలో 30,000 మందికి, కొండలలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మైదానంలో 1,20,000 మందికి, కొండలలో 80,000 మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రమాణాలు నిర్ణయించారు. కాగితం మీద ఇంతకన్న చక్కని ఏర్పాటు ఉండబోదు. చిక్కంతా కాగితం నుండి ఊరికి వచ్చే దారిలోనే ఉన్నది.

వైద్యశాల అంటే గోడలూ కప్పూ కాదు. అందులో పనిచేసే మనుషులు. వారిలో ఒక్కరు లేకున్నా మిగిలినవారి శ్రమ వృథా అవుతుంది. శస్త్రవైద్యుడు ఉండి మత్తు వైద్యుడు లేకపోతే శస్త్రచికిత్స జరగదు. సూక్ష్మదర్శిని ఉండి ల్యాబ్ టెక్నీషియన్ లేకపోతే మలేరియా జ్వరమో, మరొక జ్వరమో తేలదు. కాన్పుల గది ఉండి రాత్రివేళ నర్సు లేకపోతే, నొప్పులు పడుతున్న తల్లిని ఆటోలో మరొక పట్టణానికి తరలించవలసిందే. ఆ ప్రయాణంలో గడిచే ప్రతి నిమిషమూ ఆమెకు ప్రాణాపాయమే.

సామాజిక ఆరోగ్య కేంద్రంలో శస్త్రవైద్య, సాధారణ వైద్య, స్త్రీవైద్య, శిశువైద్య నిపుణులు ఉండాలి. 2021–22 నాటి గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ కేంద్రాలకు కావలసిన ఈ నిపుణులలో సుమారు 80 శాతం మంది లేరు. అంటే ఐదుగురు ఉండవలసిన చోట ఒక్కరే ఉన్నారన్నమాట. గోడ మీద వైద్యశాల అన్న పేరున్నా, అటువంటి చోట రోగికి దొరికేది తరచుగా మరొక వైద్యశాలకు పొమ్మనే చీటీ మాత్రమే.

ఈ కొరతకు మొదటి కారణం ధనం. భవనానికి డబ్బు ఒక్కసారి ఖర్చవుతుంది. నర్సు కొలువుకు ఆమె పదవీ విరమణ చేసేవరకు ప్రతి నెలా ఖర్చవుతుంది. భవనానికి శిలాఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. జీతానికి అవేవీ ఉండవు. అందుచేత ఖజానా ఇరుకున పడినప్పుడు పాలకులకు కొత్త నియామకాలను ఆపడమే తేలికైన పొదుపుగా తోస్తుంది. మంజూరైన కొలువులు ఖాళీగా మిగిలిపోతాయి. లేదా ఒప్పంద పద్ధతిలో తక్కువ వేతనానికి, ఉద్యోగ భద్రత లేకుండా భర్తీ అవుతాయి.

ప్రభుత్వాలు ఈ సంగతి ఎరుగనివి కావు. ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయం 1990లో స్థూల దేశీయోత్పత్తిలో 1.3 శాతం ఉండగా 1999 నాటికి 0.9 శాతానికి దిగజారిందని 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానమే ఒప్పుకొన్నది. 2010 నాటికి దానిని 2 శాతానికి పెంచాలని తలపెట్టింది. ఆ గడువు దాటిపోయింది. 2017 నాటి విధానం 2025 నాటికి 2.5 శాతం అన్న కొత్త లక్ష్యాన్ని ముందుంచింది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం ఈ వ్యయం 2013–14లో 1.15 శాతం, కరోనా విజృంభించిన తరువాతి సంవత్సరమైన 2021–22లో 1.84 శాతం. పెరుగుదల నిజమే. కాని పదకొండేళ్ళు ముందుగా చేరవలసిన 2 శాతాన్ని అప్పటికీ అందుకోలేకపోయింది.

డబ్బు ఉన్నంతమాత్రాన వైద్యులు వస్తారని కూడా చెప్పలేము. మారుమూల కేంద్రంలో ఉండటానికి ఇల్లు ఉండదు. పిల్లలకు బడి ఉండదు. సందేహం కలిగితే అడగడానికి మరొక వైద్యుడు ఉండడు. ముగ్గురి పని ఒక్కరే చేయవలసివస్తే, అలసిపోయిన ఆ ఒక్కరూ బదిలీకో, పట్టణంలోని ప్రైవేటు వైద్యశాలకో, విదేశానికో దారి వెతుక్కొంటారు. ఈ విధంగా ఒక ఖాళీ మరొక ఖాళీని కంటుంది. వెళ్ళిపోయినవారిని నిందించడం తేలిక. వారు నిలువగలిగే పరిస్థితులు కల్పించామా అని ప్రశ్నించుకోవడమే కష్టం.

ఈ ప్రవాహం దేశాల సరిహద్దులను కూడా దాటుతుంది. మన వైద్య కళాశాలలలో చదివిన తెలుగు వైద్యులెందరో అమెరికా, బ్రిటన్ దేశాల ఆసుపత్రులలో సేవ చేస్తున్నారు. సంపన్న దేశాలు తమ కొరతను పేదదేశాల మనుషులతో పూరించుకొంటే, పేదదేశాల కొరతను పూరించేవారెవరు? ఈ ప్రశ్న తీవ్రమైనందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆరోగ్య సిబ్బంది అంతర్జాతీయ నియామకాలపై ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది.

ప్రభుత్వం చేయని ఖర్చు మాయమైపోదు. అది రోగి ఇంటికి చేరుతుంది. 2013–14లో దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతాన్ని ప్రజలే నేరుగా తమ జేబు నుండి చెల్లించారు. 2021–22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. ఇది సంతోషించదగినదే. అయినా ప్రతి 100 రూపాయలలో దాదాపు 39 రూపాయలు కుటుంబాలే భరించాయని మరువరాదు. ఆ రూపాయలు తాకట్టు పెట్టిన పుస్తెల నుండి, అమ్మిన పాడిపశువు నుండి, మధ్యలో ఆగిన చదువుల నుండి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ప్రారంభమైన 108 అత్యవసర వాహన సేవ, 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఎందరినో ఆదుకొన్నాయి. కాని వాహనం వెళ్ళడానికి దారి లేని మన్యం గూడేలలో నేటికీ రోగిని డోలీలో మోసుకొని రావలసివస్తున్నది. పెద్ద శస్త్రచికిత్సకు పథకం ఉన్నా, వ్యాధి ముదరక ముందే రక్తపోటును, మధుమేహాన్ని గుర్తించి మందు ఇచ్చే మనిషి ఊరి కేంద్రంలో ఉండవలసిందే.

నిధులు లేవన్న సమాధానంతో రాజ్యం తన బాధ్యత నుండి తప్పుకొనవచ్చునా? ఈ ప్రశ్న సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. 1992లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన వ్యవసాయ కార్మిక సంఘ సభ్యుడొకరు రైలు నుండి పడి తలకు తీవ్రంగా గాయపడ్డాడు. పడక ఖాళీ లేదనో, తగిన సదుపాయం లేదనో పలు ప్రభుత్వ వైద్యశాలలు అతనిని చేర్చుకొనలేదు. చివరకు ప్రైవేటు వైద్యశాలలో సుమారు 17,000 రూపాయలు వెచ్చించి చికిత్స పొందాడు. 1996లో వెలువడిన తీర్పులో న్యాయస్థానం, సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కుకు భంగమని ప్రకటించింది. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రాణరక్షణ బాధ్యత నుండి తప్పుకోవడానికి ఆర్థిక ఇబ్బందులను సాకుగా చూపరాదని స్పష్టం చేసింది.

మార్గం లేక కాదు. థాయిలాండ్ సంపన్న దేశమేమీ కాదు. ఆ దేశం 1970ల నుండి వైద్య పట్టభద్రులకు ప్రభుత్వ సేవను, ముఖ్యంగా గ్రామీణ సేవను, విధిగా చేసింది. 1982–86 ప్రణాళికా కాలంలో పట్టణ ఆసుపత్రులపై కొత్త పెట్టుబడులను ఆపి, ఆ ధనాన్ని గ్రామీణ జిల్లా ఆసుపత్రులకు మళ్ళించింది. పల్లెటూళ్ళ విద్యార్థులను ఎంపిక చేసి, చదువయ్యాక స్వస్థలంలో పనిచేసే ఏర్పాటుతో వైద్యవిద్య చెప్పించింది. ఈ పునాది మీదనే 2002 నాటికి ప్రజలందరికీ వైద్యసేవ పొందే హక్కును చట్టబద్ధం చేయగలిగింది. ముందు మనుషులు, తరువాత పథకం — ఇదే అక్కడి క్రమం.

స్థానికులను నమ్ముకొన్న అనుభవం మనకూ ఉన్నది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ సుమారు 1,000 మంది జనాభాకు ఒక ఆశా కార్యకర్తను ఏర్పరచింది. ఆమె ఆ ఊరి కోడలో, కూతురో. ఏ ఇంట్లో గర్భవతి ఉన్నదో, ఏ బిడ్డకు టీకా వేయించవలసి ఉన్నదో ఆమెకు తెలుసు. కరోనా కాలంలో ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించింది. అయినా వారికి దక్కేది క్రమమైన ఉద్యోగి వేతనం కాదు. పారితోషికం, ప్రోత్సాహకాలు మాత్రమే. సన్మానం వేరు, జీతం వేరు. సన్మానంతో పొయ్యిలో పిల్లి లేవదు.

కావున ఒక ప్రభుత్వం ఆరోగ్యానికి ఏమి చేసిందో తెలుసుకోగోరేవారు ఎన్ని భవనాలు కట్టిందని మాత్రమే అడిగితే చాలదు. మంజూరైన కొలువులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, వారికి జీతం నెలనెలా అందుతున్నదా అని అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆ అధికారాన్ని సామాన్య పౌరునికి ఇచ్చింది. గ్రామసభ అందుకు వేదిక. తమ మండలంలోని ఆరోగ్య కేంద్రాన్ని గురించి ఈ మూడు ప్రశ్నలు అడగగల యువకులు ఊరికి ఒక్కరున్నా, ఖాళీ కుర్చీలు ఎక్కువ కాలం ఖాళీగా ఉండవు.

కఠిన పదాలు – అర్థాలు

స్తోమత = శక్తి, ఆర్థిక బలం
హితవు = మేలు కలిగించే మాట
అధికరణం = రాజ్యాంగంలోని విభాగం
శిలాఫలకం = పేరు, వివరాలు చెక్కిన రాయి
పారితోషికం = చేసిన పనికి ఇచ్చే ప్రతిఫలం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నిధుల కొరత సిబ్బంది కొరతగా ఎట్లా మారుతుందో పాఠం ఆధారంగా వివరించండి.
2. థాయిలాండ్ అనుభవం నుండి మనం గ్రహించవలసిన అంశాలేవి?

II. కింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “ఒక ఖాళీ మరొక ఖాళీని కంటుంది.”
2. “ప్రభుత్వం చేయని ఖర్చు మాయమైపోదు.”

III. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
ప్రాణాపాయం, అత్యవసరం, ప్రారంభోత్సవం

IV. మీ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సందర్శించి, అక్కడి సిబ్బంది, వసతులను గురించి ఒక నివేదిక రాయండి.