రేకును ముందు విప్పి చూడండి

ముక్కలు కోసి వెల్డ్ చేసే బదులు ఒకే రేకును వంచడం గురించి, షీట్ మెటల్ షాపుల్లో కొత్తగా డ్రాయింగులు గీస్తున్న పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. వెల్డింగ్ ఖర్చంతా టార్చి దగ్గరే ఉండదు. ముక్కలు కోయాలి, అంచుల బర్రు తీయాలి, ఫిక్చర్‌లో బిగించాలి, అతికాక గ్రైండింగ్ పట్టాలి. వేడికి మెలితిరిగితే సుత్తితో సరిచేయాలి. డ్రాయింగ్‌లో చిన్న త్రిభుజం గుర్తు పెట్టేముందు ఈ చాకిరీ అంతా గుర్తు తెచ్చుకోండి.

2. మోటారు బ్రాకెట్టే తీసుకోండి. అడుగు పలక, రెండు చెవులు, వెనక గోడ: నాలుగు ముక్కలు. అదే ఒక రేకులో పరిస్తే మూడు బెండ్లతో సరి. గోడ, చెవులు కలిసే మూలలు మాత్రం తెరిచి ఉంటాయి. బరువు తక్కువైతే అలాగే వదిలేయండి. బరువు ఎక్కువైతే చెవి అంచును గోడ మీదికి మడిచి రివెట్ కొట్టండి, లేదా ఆ మూలలో మాత్రం వెల్డ్ పెట్టండి. వెల్డింగ్ పూర్తిగా పోవాల్సిందేనన్న పట్టుదల మంచిది కాదు.

3. వంచకముందు పరిచిన రేకు కొలత తప్పితే అన్నీ తప్పుతాయి. 2 మి.మీ. రేకు, లోపలి రేడియస్ 2 మి.మీ., 90 డిగ్రీల బెండ్. కె-ఫ్యాక్టర్ (వంపులో పొడవు మారని పొర, రేకు మందంలో ఎంత లోతున ఉందో చెప్పే నిష్పత్తి) 0.42 అనుకుంటే, బయటి కొలతలు రెండూ కూడి అందులోంచి దాదాపు 3.5 మి.మీ. తగ్గించాలి. డై మారితే రేడియస్ మారుతుంది, లెక్కా మారుతుంది. అందుకే మీ షాపు ప్రెస్ బ్రేక్ మీద, అదే లాటు రేకుతో ఒక ముక్క వంచి కొలవండి. పుస్తకంలోని అంకె కన్నా ఆ ముక్కనే నమ్ముతాను నేను.

4. ఏ బెండ్ ముందో కాగితం మీదే తేల్చండి. లోపలికి తిరిగిన ఫ్లాంజ్ పంచ్‌కు తగిలితే పని ఆగిపోతుంది. అట్టముక్క కోసి చేత్తో మడిచి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

5. బెండ్‌కు మరీ దగ్గరున్న రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారమవుతుంది. రేకు లోహాన్నీ చూసుకోండి: అల్యూమినియంలో 6061-టి6 రకం తక్కువ రేడియస్ బెండ్‌కు పగులుతుంది. 5052-హెచ్32 చక్కగా వంగుతుంది.

6. ప్రెస్ బ్రేక్ పనికి ప్రత్యేకమైన డై అక్కర్లేదు కాబట్టి పది ముక్కలకైనా గిట్టుబాటే. రేకును డైలోకి నొక్కి గిన్నెలా సాగదీసే డీప్ డ్రాయింగ్ అయితే డై ఖర్చు వేల ముక్కల మీదే తేలుతుంది.

7. గాల్వనైజ్డ్ రేకైతే వెల్డింగ్ తప్పించడానికి మరింత గట్టిగా ప్రయత్నించండి. జింకు పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం రావచ్చు. అతికిన చోట పూత కాలిపోయి తుప్పు మొదలవుతుంది. సరైన రేడియస్‌తో వంచితే పూతకూ పెద్దగా దెబ్బ తగలదు, మనిషి ఊపిరికీ హాని ఉండదు.